అమ్మ ఫోన్‌లో మొదటి వరుస

ఆ ఇంటికి కొత్త ఫోన్ వచ్చిన రోజున తీసిన ఫొటోలో అందరూ ఉన్నారు, ఫోన్ ఒక్కటే లేదు. పెద్దకొడుకు పెట్టెను తల్లి చేతుల్లో పెడుతున్నాడు. కోడలు పక్కనుంచి ఆ పెట్టె అంచు మీద రెండు వేళ్లు ఆనించింది, ఇందులో తన చెయ్యి కూడా ఉందని లోకానికి తెలియాలిగా. చిన్నకూతురు మెడ ఓ పక్కకి వంచి నవ్వుతోంది. పెట్టె మాత్రం ఖాళీ. అందులో ఉండాల్సిన ఫోనే ఆ ఫొటో తీసింది. నిజానికి నడిపమ్మాయి కూడా ఫొటోలో లేదు, వంటగదిలో టీ కాస్తోంది. ఆ లోటు ఎవరి కంటికీ ఆనలేదు.

"మన ఫోన్లతో తీస్తే ఏం బాగుంటుంది? దీని కెమెరా అదిరిపోతుంది" అని పెద్దకొడుకు పట్టుబట్టాడు. ఆయన ఓ పెద్ద కంపెనీలో శిక్షణ అధికారి. రోజూ ఏదో ఒక హాల్లో నిలబడి, బాధ్యత అంటే ఏమిటో, మాట ఇవ్వడమంటే ఏమిటో, తెర మీద బాణం గుర్తులు వేసి జనానికి నూరిపోస్తుంటాడు. అలాంటి మనిషి ఫోన్‌ని పుస్తకాల అర అంచున, ఓ గడియారానికి చేరగిలబెట్టి, టైమరు పెట్టి వచ్చి నిలబడ్డాడు. మొదటి ఫొటో బాగానే వచ్చింది. అయితే అందులో చిన్నకూతురు కళ్లు మూసుకుంది. ఆవిడ కళ్ల కోసం రెండోసారి టైమరు పెట్టారు. ఈసారి ఫోన్ మెల్లగా జారి, కెమెరా వైపు కిందికి తిరిగి, టపీమని నేలమీద పడింది.

"తనంతట తానే పడింది" అన్నాడు పెద్దకొడుకు.

తీసి చూస్తే తెర భేషుగ్గా ఉంది. వెనకాల కెమెరా మీది అద్దం మాత్రం సాలెగూడులా పగిలింది. "పోనీలే, అమ్మ ఫొటోలు తీసి ఏ ఎగ్జిబిషన్‌లో పెడుతుంది గనక" అంది కోడలు. ఆ మాటతో అందరి మనసులూ కుదుటపడ్డాయి. అప్పుడే నడిపమ్మాయి టీ కప్పులతో వచ్చింది.

నడిపమ్మాయి అంటే నిన్నమొన్నటి పిల్ల అనుకునేరు. నలభై దాటి చాలాకాలమైంది. పెళ్లి చేసుకోలేదు, తల్లితోనే ఉంటుంది. రంగులు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తుంది. ఎవరో పాత తలుపు చెక్కో, గోడ పెచ్చో పట్టుకొచ్చి ఇదే రంగు కావాలంటే, చుక్కలు చుక్కలుగా కలిపి అచ్చం ఆ రంగే తెప్పించడం ఆమె పని. ఆ కంపెనీ ఇప్పుడు అరపూట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో ఇంకో కర్మాగారం తెరుస్తోంది. అక్కడి రంగుల గదికి పెద్దగా నువ్వే వెళ్లాలని మేనేజరు ఆమెను అడిగాడు. ఈ నెలాఖరులోగా ఏ సంగతో చెప్పాలి. వెళ్లాలని ఆమెకు ఎంత ఆశగా ఉందంటే, ఆ ఊరి బస్సు ఎదురైతే చాలు, తల తిప్పి మలుపు తిరిగేదాకా చూస్తోంది.

అడక్కుండా వెళ్లిపోవచ్చుగా, నలభై దాటిన మనిషికి ఒకరి అనుమతి దేనికి, అని మీకు అనిపించవచ్చు. అలా అనిపించేవాళ్ల ఇంట్లో వయసుమళ్లిన తల్లి ఉండి ఉండదు. లేదా, ఉన్నా చూసుకోవడానికి ఒక నడిపమ్మాయి ఉండి ఉంటుంది.

"చూడమ్మా" అన్నాడు పెద్దకొడుకు టీ అందుకుంటూ. "ఇక మేమంతా నీ అరచేతిలోనే ఉన్నట్టు. పొద్దున, సాయంత్రం అని లేదు. మందుబిళ్ల గురించి కానీ, మరోటి కానీ, ఏం కావాలన్నా ఒక్క నొక్కు నొక్కు. వెంటనే పలుకుతాం."

నడిపమ్మాయి ఆ మాటను గాల్లో ఉండగానే పట్టుకుంది. "అయితే అన్నయ్యా, ఆ కొత్త ఉద్యోగానికి నేను వెళ్లొచ్చా?"

కోడలు కప్పులోకి తొంగిచూసింది, జవాబు అడుగున ఉన్నట్టు. "టీ ఎంత బాగుందో అక్కా" అంది చిన్నకూతురు. పెద్దకొడుకు కప్పు కింద పెట్టాడు.

"వెళ్లొద్దని ఎవరన్నారే? ముందు అమ్మకి ఫోన్ అలవాటవనీ. అలవాటైతే మాకేం అభ్యంతరం? హాయిగా వెళ్లు."

ఎంత ఉదారంగా చెప్పాడో! తన తల్లికి ఈ జన్మలో ఫోన్ అలవాటు కాదని ఆయనకు గట్టి ధీమా. ఆ ధీమా లేకపోతే మనుషులు అంత ఉదారంగా మాట్లాడరు.

తల్లి మాత్రం ఇదేమీ పట్టించుకోకుండా ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూస్తోంది. ఆవిడ ఒకప్పుడు బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టింది. ఇప్పుడు ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది ఆపరేషన్‌కి తయారుగా ఉంది. వండుకుంటుంది, వీధి చివరిదాకా నడిచివస్తుంది, నోరు మహా చురుగ్గా పనిచేస్తుంది. సన్నక్షరాలు మాత్రం కనబడవు. ఆ తెర మీద రకరకాల ఐకాన్లు, వాటి కింద చీమల్లాంటి పేర్లు.

"ఇదేంటే, బొత్తాల డబ్బా బోర్లించినట్టుంది!" అంది.

ఆ మర్నాడు నడిపమ్మాయి పని మొదలుపెట్టింది. కంపెనీవాళ్లు నింపి పంపిన ఆటలు, దుకాణాలు, దిక్సూచి, ఎవరికీ అక్కర్లేని సలహాలు, అన్నిటినీ తెర మీదనుంచి ఊడ్చేసింది. అక్షరాలు చదవలేని తల్లికి మొహాలైతే తెలుస్తాయిగా అనుకుని, ఐకాన్ల స్థానంలో మనుషుల బొమ్మలే పెద్దగా పెట్టింది. మొహం నొక్కితే ఆ మనిషికి వీడియో కాల్ వెళ్తుంది. అంతకంటే తేలిక పని లోకంలో ఉండదు. ఇక చిక్కల్లా ఎవరి మొహం ముందుండాలి అన్నదే. బుద్ధి తక్కువై ఆ మాట కుటుంబం గ్రూపులో అడిగింది.

"ఇంటికి పెద్దవాణ్ని. మొదటి వరుసలో మొదట నేనుండాలి. దీన్ని కూడా అడగాలా?" అన్నాడు పెద్దకొడుకు.

"అక్కా, అమ్మ బొటనవేలు ఎక్కడ ఆనుతుందో చూసి నన్ను అక్కడ పెట్టు. అమ్మకి ఏదైనా అయితే ముందు నాకే తెలియాలి" అంది చిన్నకూతురు.

"మీ అన్నయ్య పక్కన నేనుండొద్దా? మమ్మల్ని విడదీయడం నీకు బాగుంటుందా?" అంది వదిన.

చిన్నల్లుడు మాత్రం ఏమీ అనలేదు. తన బొమ్మ రెండో వరుసలో ఉందని విని, 'పరాయివాణ్నేగా' అని ఒక్క ముక్క రాసి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మళ్లీ చేర్చడానికి బతిమాలాల్సి వచ్చింది. తల్లి అరచేతిలో చోటు కోసం పిల్లలు ఇలా కొట్టుకోవడం చూసి నడిపమ్మాయికి కళ్లు చెమర్చినంత పనైంది. ఇన్నాళ్లూ వీళ్లని తప్పుగా అనుకున్నానేమో అని కూడా అనుకుంది. ఆమెకు రంగులు తెలిసినంతగా మనుషులు తెలియరు.

పెద్దకొడుకు సూటూ బూటూ వేసుకుని చేతులు కట్టుకున్న ఫొటో పంపాడు. తల్లి కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఎవరీయన? మన పెద్దాడి పైఆఫీసరా?"

"పెద్దన్నయ్యేనమ్మా."

"ఛ, వీడికి ఇంత జుట్టెక్కడిది!"

చిన్నకూతురి ఫొటోలో మచ్చ లేదు, ముడత లేదు, ముక్కు కూడా ఉండీ లేనట్టే ఉంది. "ఈ పిల్ల సబ్బుల ప్రకటనలో పిల్లలా ఉందే" అంది తల్లి. కోడలు సముద్రం ఒడ్డున నల్లకళ్లద్దాలతో నిలబడ్డ ఫొటో పంపింది. తల్లి దాన్ని జాలిగా చూసి, "అయ్యో, కోడలికి కూడా కంటి ఆపరేషన్ అయిందా? నాకు చెప్పనేలేదు" అంది.

ఇలా లాభం లేదని తల్లే పాత ఆల్బం తీయించింది. పెద్దకొడుకుది ఐదేళ్ల వయసులో, ముక్కు కారుతూ, తల్లి కుట్టిన నిక్కరు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకున్న ఫొటో. చిన్నకూతురిది ముందుపళ్లు రెండూ ఊడినప్పటిది. కోడలిది పెళ్లినాటిది, నోరు తెరిచి బెదిరిపోయి ఉంది. "వీళ్లయితే నాకు తెలుసు" అంది తల్లి సంతృప్తిగా. నడిపమ్మాయి ఆ ఫొటోలను ఫోన్ కెమెరాతోనే తీసి ఐకాన్లుగా పెట్టింది. తల్లి ఆ రోజంతా వేలితో బొమ్మల్ని తడుముతూ కూర్చుంది.

ఇక కాల్స్ మొదలయ్యాయి. మొదట్లో కొడుక్కేం ఇబ్బంది కాలేదు. తల్లి మందుబిళ్లల పట్టీని వెనక కెమెరా ముందు పెట్టి, "ఒరే, ఇది తిన్నాక వేసుకునేదా, తినకముందా?" అని అడిగేది. పగిలిన అద్దంలోంచి ఆయనకు పట్టీ మీది అక్షరాల చోట పొగమంచు తప్ప ఏమీ కనబడేది కాదు. "కనబడట్లేదమ్మా, కెమెరా పోయింది కదా. నడిపిదాన్ని అడుగు" అని పెట్టేసేవాడు. చిన్నకూతురిదీ అదే పాట. కెమెరా పగలడం ఎంత మేలు చేసిందో వాళ్లిద్దరికీ అప్పటికి పూర్తిగా తెలిసిరాలేదు.

తెలిసి ఉంటే పెద్దకొడుకు ఆ పొరపాటు చేసేవాడు కాదు. ఒక ఆదివారం వచ్చి తల్లి ఫోన్ చేతిలోకి తీసుకుని, మొదటి వరుసలో తన బొమ్మ చూసుకున్నాడు. జారుతున్న నిక్కరుని క్షమించాడు. కారుతున్న ముక్కుని కూడా క్షమించాడు. కానీ పగిలిన కెమెరాతో తీసిన ఫొటో కదా, చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా ఏటవాలుగా తెల్లటి గీత పడింది.

"నా మొహం మీద ఈ గీతేంటే? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? రేపే ఆ కెమెరా బాగుచేయించు, మళ్లీ ఫొటో తియ్యి" అని హుకుం జారీ చేశాడు.

నడిపమ్మాయి కిమ్మనకుండా మర్నాడు ఫోన్ పట్టుకుని బజారుకు వెళ్లింది. మెట్ల కింద ఇరుకు గదిలో రిపేరు దుకాణం. నుదుటి మీద లైటు, కంటికి భూతద్దం తగిలించుకుని ఒకాయన ఎవరిదో ఫోన్ పేగులు బయటికి తీసి చూస్తున్నాడు.

"ఎలా పగిలింది?" అన్నాడు తలెత్తకుండా.

"తనంతట తానే పడిందటండీ."

"నా దగ్గరికొచ్చే ఫోన్లన్నీ అంతేనండి. ఒక్కదాన్నీ ఎవరూ పడెయ్యరు. వాటికే బతుకు మీద విరక్తి."

ఆయన కెమెరా చుట్టూ వేడిగాలి పట్టించి, పగిలిన ముక్కల్ని సూదిమొనతో ఒక్కొక్కటే పైకి లేపాడు. లోపలి దుమ్ము ఊది, కొత్త అద్దం జిగురుతో అతికించాడు. పరీక్షకని ఎదురుగోడకు ఫొటో తీసి చూపించాడు.

"తెలుపు కొంచెం పసుపుకి తిరిగిందండీ" అంది నడిపమ్మాయి, అలవాటు కొద్దీ.

"తెలుపు తెలుపేనమ్మా" అన్నాడాయన విసుగ్గా.

మామూలుగా అయితే ఆమె ఆ మాట ఒప్పుకునేది కాదు. కానీ ఇక్కడ కావలసింది అన్నగారి ముక్కు కనబడడమే. దానికి అంత కచ్చితమైన తెలుపు అవసరం లేదనిపించి ఊరుకుంది.

ఇంటికొచ్చి ఆల్బంలోని ఫొటోలన్నీ మళ్లీ తీసింది. గీతలు మాయమయ్యాయి. పెద్దకొడుకు ముక్కు కింద మెరుపుతో సహా అంతా స్పష్టంగా వచ్చింది. ఆయన చూసి సంతోషించి, తల్లి తన బొమ్మ మీద వేలుంచిన ఫొటో ఒకటి తీసుకుని, 'అమ్మ వేలికొసన నేను' అని రాసి నలుగురికీ పంపాడు. చాలామంది మెచ్చుకున్నారట.

ఆ మెచ్చుకోళ్ల తడి ఆరకముందే ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. ఎందుకంటే, ఎవరూ ఊహించని ఘోరం జరిగిపోయింది. తల్లికి ఫోన్ అలవాటైంది.

అలవాటంటే మామూలు అలవాటు కాదు. పొద్దున లేచి మొహం కడుక్కుని కొడుకు మొహం నొక్కేది. నీళ్ల మోటారు స్విచ్చు పైకి వెయ్యాలా, కిందికా? నొక్కు. పాలు విరిగాయా, కాస్త పులిశాయా, నువ్వే చూసి చెప్పు. నొక్కు. ఇదివరకు ఆవిడకు సందేహం వస్తే సాయంత్రం నడిపమ్మాయి వచ్చేదాకా దాచిపెట్టుకునేది. ఇప్పుడు దాచుకోవాల్సిన ఖర్మేముంది, పిల్లలంతా అరచేతిలోనే ఉంటే! పైగా కెమెరా ఇప్పుడు ఎంత బాగుందంటే, కనబడట్లేదు అనే మాటకు చోటే లేదు.

కత్తెర కనబడకపోతే ఆవిడ చిన్నకూతురి పళ్లు లేని బొమ్మ నొక్కి, ఫోన్ ఎదురుగా పట్టుకుని ఇల్లంతా తిరిగేది. "నా కళ్లకి ఆనట్లేదే, నువ్వు చూస్తూ ఉండు. మంచం కింద ఉందా? ఇదిగో, వంగుతున్నా, చూడు." చిన్నకూతురు ఏ చుట్టాల మధ్యనో కూర్చుని, ఊగే మంచం కాళ్లూ, బల్ల అడుగూ చూసి చూసి కళ్లు తిరిగి నీళ్లు తాగేది. కోడలికైతే ఆవిడ కావాలని చేసేది కూడా కాదు. "నీకు కాదమ్మాయ్, పక్కన పెద్దాడికి చేద్దామని నొక్కాను. సరేలే, ఎత్తావుగా, ఇంటి సంగతులు చెప్పు" అని అరగంట కూర్చోబెట్టేది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పెద్దకొడుకుకే తగిలింది. ఒకనాడు హాలునిండా జనం. ఆయన తన ఫోన్‌ని పెద్ద తెరకు కలిపి, బాధ్యత మీద పాఠం చెబుతున్నాడు. 'మీ మీద ఆధారపడ్డవారికి మీరు అందుబాటులో ఉన్నారా?' అన్న ప్రశ్న దగ్గర తల్లి కాల్ వచ్చింది. కంగారులో కట్ చెయ్యబోయి ఎత్తేశాడు. గోడంత తెర మీద మందుబిళ్లల పట్టీ ప్రత్యక్షమైంది. పేరు, తేదీ, అన్నీ వెనక వరుసవాళ్లకు కూడా చక్కగా కనబడ్డాయి. అంత బాగా అతికించాడు రిపేరాయన.

"ఒరే పెద్దాడా, ఇది తిన్నాక వేసుకునేదా, తినకముందా?"

ఆయన కట్ చేసే బొత్తం కోసం తెరంతా తడిమాడు. హాల్లోంచి ఎవరో దయగలవాడు లేచి, "తిన్నాకండీ, మా నాన్నగారూ అదే వాడతారు" అన్నాడు. "చల్లగా ఉండు బాబూ" అంది తల్లి, గోడంత తెరలోంచి. ఆ తర్వాత పాఠం ఎలా సాగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు నడిపమ్మాయి ముదురాకుపచ్చ రంగులో నలుపు చుక్కలు కలుపుతుండగా ఫోన్ చేశాడు.

"నా బొమ్మని రెండో పేజీకి మార్చవే."

"అదేంటన్నయ్యా, మొదట నువ్వే ఉండాలన్నావుగా!"

"ఉన్నానుగా ఇన్నాళ్లూ. నేనే అంటిపెట్టుకుని కూర్చుంటే ఎలా? చెల్లెలికీ అవకాశం రావాలి. త్యాగం అనుకో." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఆ కెమెరా మళ్లీ పగిలే అవకాశం లేదంటావా?"

చెల్లెలు ఆ అవకాశాన్ని అందుకోవడానికి సిద్ధంగా లేదు. "అక్కా, నన్ను ఏదైనా ఫోల్డర్‌లో పడెయ్. వాతావరణం, లెక్కలు చేసేది, అవి ఉంటాయే, అందులో. అమ్మ దాన్ని తెరవదు" అని మెసేజ్ పెట్టింది. వదిన ఇంకాస్త ఆలోచించింది. "నా మొహం తీసేసి ఆ చోట గోడగడియారం బొమ్మ పెట్టు. నొక్కితే టైము కనబడనీ. ముసలావిడకి అదే ఎక్కువ పనికొస్తుంది" అంది. చిన్నల్లుడు తానే పరాయివాణ్నని మళ్లీ గుర్తుచేసి, ఈసారి సంతోషంగా అత్తగారి తెర మీదనుంచి తప్పుకున్నాడు.

నడిపమ్మాయి అన్నీ చేసిపెట్టింది. ఆ ఇంట్లో ఏ పని చెప్పినా చేసిపెట్టడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు. పోనీ, అమ్మకి ఫోన్ వచ్చేసింది కదా, మాట ప్రకారం తను వెళ్లొచ్చు, అంతే చాలు అనుకుంది. నెలాఖరు దగ్గరపడింది. ఆ రోజు మధ్యాహ్నం పనిలో ఉండగా గ్రూపులో అన్నగారి ప్రకటన వచ్చింది.

'అందరం ఆలోచించాం. అమ్మకి ఫోన్ అలవాటు కాలేదు. అలవాటైనవాళ్లు ఇన్నిసార్లు చెయ్యరు. ఈ పరిస్థితిలో నడిపిది ఊరు వదిలి వెళ్లడం భావ్యం కాదు. వచ్చే ఏడాది చూద్దాం.'

దాని కింద వరసగా బొటనవేళ్లు. వదినది, చెల్లెలిది, మరిదిది. తల్లి బొటనవేలికి భయపడి పారిపోయినవాళ్లు తమ బొటనవేళ్లు మాత్రం ఎంత చకచకా ఎత్తారో!

నడిపమ్మాయికి కోపం వచ్చింది. మామూలుగా వచ్చే కోపం కాదు, ఒళ్లంతా వేడెక్కింది. అందులో సగం వాళ్ల మీద. మిగతా సగం తన మీదే. అమ్మకి ఫోన్ నేర్పితే తలుపు తెరుచుకుంటుందని నమ్మి, వాళ్ల ముక్కులూ మొహాలూ తుడిచి వరసలో పేర్చి, మళ్లీ వాళ్లు అడగ్గానే తీసి దాచిపెట్టి, ఇంత తెలివితక్కువ పని ఎలా చేశాను అనుకుంది. చేతులు కడుక్కుని నేరుగా మేనేజరు గదికి వెళ్లింది. "వెళ్తానండీ" అంది. ఆయన సంతోషించి ఏదో చెబుతున్నాడు. ఆమెకు ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు.

అన్నకూ చెల్లెలికీ చెప్పడానికి ఆమెకు భయం లేదు. అమ్మకు చెప్పడమే కష్టం. అమ్మ వద్దంటే? వద్దని నోటితో అనక్కర్లేదు, ఓసారి అలా చూస్తే చాలు, తను ఆగిపోతుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. బస్సు దిగి, రోజూ వచ్చే అడ్డదారి వదిలి చుట్టూ తిరిగి ఇంటికి నడిచింది.

తల్లి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్‌ని అటూ ఇటూ తిప్పుతోంది.

"వచ్చావా? ఇలా చూడవే. పెద్దాడు ఏడి? మొన్నటిదాకా ఇక్కడే ఉన్నాడు."

"రెండో పేజీకి వెళ్లాడమ్మా."

"అక్కడేం పని వాడికి?"

నడిపమ్మాయి సంచి గోడకి తగిలించింది.

"చిన్నదో?"

"ఫోల్డర్‌లో ఉంది. వాతావరణం పక్కన."

"మరి కోడలు?"

"అదిగో, ఆ గడియారం."

తల్లి ఆ గడియారం బొమ్మను చాలాసేపు చూసింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. "నేను ఎక్కువసార్లు చేశాను కదూ?" అంది. ఎప్పుడూ అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడగా నడిపమ్మాయి వినలేదు.

వాళ్లకి పనులెక్కువమ్మా, అని చెప్పడం ఆమెకు అలవాటే. ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాటే. ఈసారి అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"చెయ్యమన్నది వాళ్లేనమ్మా. నువ్వు చేశావు. నీ తప్పేం లేదు" అంది. కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఫోన్ తీసుకుంది. రెండో పేజీలోంచి అన్నని వెనక్కి తెచ్చింది. ఫోల్డర్‌లోంచి చెల్లెల్ని లాగింది. గడియారం తీసేసి వదినని పెట్టింది. ముగ్గుర్నీ మొదటి వరుసలో మునుపటికన్నా పెద్దగా నిలబెట్టింది. వాళ్ల పక్కన ఒక చోటు ఖాళీగా మిగిలింది. "ఇక్కడ నా బొమ్మ పెడతానమ్మా."

"నీదెందుకే? కేకేస్తే పలుకుతావు."

"వచ్చే నెలనుంచి నీ కేక నాకు వినబడదమ్మా. ఆ ఉద్యోగానికి వెళ్తున్నాను. ఇవాళ ఒప్పేసుకున్నాను."

తల్లి మొహం చిన్నబోయింది. నడిపమ్మాయి ఆ మొహంలోకి చూడలేక ఫోన్‌లోకి చూస్తూ కూర్చుంది. అక్కడ ముక్కు కారుతున్న పిల్లాడు నిక్కరు పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"నన్ను వీళ్లమీద వదిలేసి వెళ్తావా?"

"వీళ్లమీదేనమ్మా. వాళ్లూ నీ పిల్లలేగా."

"ఎత్తకపోతే?"

"మళ్లీ నొక్కు. ఎత్తేదాకా నొక్కు. అప్పటికీ ఎత్తకపోతే నాకు చెయ్యి, నేను వాళ్లకి చేస్తాను. నువ్వు ఊరుకోవని వాళ్లకి తెలియాలి."

తల్లి కిటికీలోంచి వీధిలోకి చూసింది.  ఇప్పుడు అమ్మ ఇటు తిరిగి ఒక్క చూపు చూస్తే, నడిపమ్మాయి రేపు పొద్దున్నే వెళ్లి మేనేజరుకి రానని చెప్పేస్తుంది. అంతా అక్కడే ఆగింది.

"అక్కడ నీ చేతికింద ఎంతమంది ఉంటారు?" అంది తల్లి, ఇటు తిరక్కుండానే.

"ఆరుగురమ్మా."

"నీ మాట వింటారా?"

"వినాలి. నేనే కదా వాళ్లకి పెద్ద."

"ఇంట్లో ఒక్కరూ వినలేదు. అక్కడైనా వింటార్లే" అంది తల్లి. అని ఇటు తిరిగింది. ఆ కళ్లలో నీళ్లున్నాయి, కానీ వద్దనే మాట లేదు. "ఫొటో ఏదీ, పెట్టు మరి."

నడిపమ్మాయి అలమర వైపు తిరిగింది. "ఆల్బం తెస్తానుండు. నా చిన్నప్పటిది ఏదైనా…"

"నీ చిన్నప్పటి మొహం నాకెందుకే? వాళ్లంటే ఆ వయసులోనే ఆగిపోయారు నాకు. నిన్ను రోజూ చూస్తున్నానుగా. నాకు తెలిసిన మొహం ఇదే. ఫోన్ ఇటివ్వు. లే, వెలుతురులోకి వచ్చి కూర్చో."

నడిపమ్మాయి లేచి కిటికీ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. జుట్టు సర్దుకుంది. చేతిగోళ్లలో ఇంకా ఆకుపచ్చ రంగు ఉంది. తల్లి రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, మంచి కన్నుతో గురిచూసి, కాస్త వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు జరిగింది. ఎంతకీ నొక్కడం లేదు.

"నవ్వవే. ఏడుపు మొహం పెట్టావంటే రోజూ దాన్నే నొక్కాలి నేను."

ఆమె రెండు చేతులతో మొహం తుడుచుకుని నవ్వింది. తల్లి నొక్కింది.